కూలీ కుటుంబాల పిల్లలు చదివే బడిలో తల్లిదండ్రులను, ఊరిని భాగస్వాములను చేయడం ఎలా?

ఇంటిల్లిపాదీ పనికి వెళ్తే గాని పూట గడవని ఊళ్లో, బడి సమావేశానికి నలుగురైదుగురు తల్లులే వచ్చారని చూసి, ఆ ఊరివారికి చదువు మీద శ్రద్ధ లేదని తేల్చేయడం అన్యాయం. పగలు పదకొండు గంటలకు పెట్టిన సమావేశానికి రావాలంటే ఆ తల్లి ఒక రోజు కూలిని వదులుకోవాలి. అంత నష్టపోయి వచ్చాక బిడ్డ మీద ఫిర్యాదులే వినవలసి వస్తే ఆమె మళ్లీ రాదు. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లోని మండల పరిషత్ పాఠశాలల వంటివాటిని దృష్టిలో పెట్టుకొని ఈ క్రమాన్ని రాస్తున్నాను. ప్రధానోపాధ్యాయులు గాని, ఉపాధ్యాయులు గాని, బడి మీద మమకారం ఉన్న గ్రామస్థులు గాని దీన్ని మొదలుపెట్టవచ్చు.

1. ముందు బడి వాడలోకి వెళ్లాలి

జూన్‌లో బడులు తెరిచిన తొలి నెలలోనే, పనుల నుంచి జనం ఇళ్లకు చేరే సాయంత్రం వేళ, ఉపాధ్యాయులు ఇద్దరిద్దరుగా పిల్లల ఇళ్లకు వెళ్లాలి. ఊరికి దూరంగా ఉన్న ఎస్సీ కాలనీతోనో తండాతోనో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే పిలుపు ఆఖరున అందేది ఎప్పుడూ అక్కడికే. తొలిసారి వెళ్లినప్పుడు విరాళాల మాట, గైర్హాజరు మాట ఎత్తకూడదు. “మీ పాప లెక్కలు తాను చేసుకొని, పక్క పిల్లలకు కూడా చూపిస్తోందమ్మా” అన్నట్టుగా, ఆ బిడ్డకే చెందిన ఒక మంచి మాట చెప్పాలి. తర్వాత మూడు సంగతులు అడిగి పుస్తకంలో రాసుకోవాలి: ఏ వేళ తీరిక ఉంటుంది, ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది, ఈ ఏడాది పనుల కోసం ఊరు విడిచి వెళ్లే ఆలోచన ఉందా. ఈ మూడు జవాబులే మిగతా పనులన్నిటికీ ఆధారం.

2. వేళను, చోటును వారికి అనువుగా మార్చాలి

సమావేశాన్ని రాత్రి ఏడు గంటల తర్వాత, ముక్కాలు గంటకు మించకుండా జరపాలి. చోటు విషయంలో జాగ్రత్త అవసరం. గుడి మండపమో, ఒక పెద్దమనిషి ఇంటి అరుగో అన్ని కులాలవారికీ సమానంగా తెరిచి ఉంటుందని అనుకోలేము. బడి ఆవరణ మేలు, లేదా వంతులవారీగా ఒక్కో వాడలో పెట్టవచ్చు. నాయకులకు కుర్చీలు వేసి తల్లులను నేల మీద కూర్చోబెడితే, ఆ సమావేశంలో తల్లులు నోరు విప్పరు.

పిలుపును కాగితం మీదనే పంపితే చదవడం రానివారికి అది చేరదు. దండోరా వేయించాలి, వాట్సాప్‌లో ఉపాధ్యాయుని గొంతుతోనే కబురు పంపాలి. సమావేశాన్ని ఉపన్యాసంతో కాకుండా పిల్లల చదువుతో ప్రారంభించాలి. తన బిడ్డ పాఠాన్ని గట్టిగా చదువుతుంటే విన్న తల్లికి ప్రగతి పత్రంలోని అంకెలు విడమరచి చెప్పవలసిన అవసరం అంతగా ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జూలై 10న రాష్ట్రవ్యాప్తంగా ఒకే రోజున తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల మెగా సమావేశాలు జరిగాయి. అటువంటి పెద్ద సభలు ఊరి దృష్టిని బడివైపు తిప్పుతాయి, కాని ఆ దృష్టి నిలవాలంటే నెలనెలా జరిగే చిన్న సమావేశమే దిక్కు.

3. కమిటీకి నిజమైన అధికారం ఇవ్వాలి

నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళికను తయారు చేయడం, నిధుల ఖర్చును గమనించడం ఆ కమిటీ పనులే. తెలంగాణలో 2024 నుంచి మహిళా స్వయం సహాయక సంఘాలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా ఏర్పడ్డాయి.

అయితే తీర్మానాల పుస్తకాన్ని ఇంటికి పంపి సంతకాలు, వేలిముద్రలు తెప్పించుకునే అలవాటు ఉన్నచోట చట్టం ఎంత గొప్పదైనా ఫలితం ఉండదు. ప్రతి తీర్మానాన్ని సభలో చదివి వినిపించి, అభ్యంతరాలు అడిగి, ఆ తర్వాతనే సంతకం తీసుకోవాలి. బడులకు నిధులిచ్చే కేంద్ర పథకమైన సమగ్ర శిక్ష మార్గదర్శకాల ప్రకారం 31 నుంచి 100 మంది వరకు పిల్లలున్న బడికి ఏడాదికి 25,000 రూపాయలు, 101 నుంచి 250 మంది వరకు ఉన్న బడికి 50,000 రూపాయలు పాఠశాల గ్రాంటు కింద వర్తిస్తాయి. అందులో కనీసం పదో వంతును పరిశుభ్రతకు వినియోగించాలి. ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అన్నది గోడ మీద పెద్ద అక్షరాలతో రాయాలి, డబ్బు రాకపోతే రాలేదనే రాయాలి. మరుగుదొడ్డి తలుపు, తాగునీటి కుళాయి వంటి ఒక చిన్న పనిని కమిటీయే ఎంచుకొని నెలలోపు పూర్తి చేయిస్తే, తమ మాట చెల్లుతుందన్న నమ్మకం వారికి కలుగుతుంది.

4. డబ్బు అడగకుండా పని పంచాలి

మధ్యాహ్న భోజనాన్ని వారానికి ఇద్దరు తల్లులు వంతులవారీగా రుచి చూసి తమ అభిప్రాయాన్ని పుస్తకంలో నమోదు చేయించవచ్చు. డిగ్రీ చదివి ఊళ్లోనే ఉన్న యువకులు, యువతులు సాయంత్రాలు పిల్లలతో చదివించవచ్చు. మేస్త్రీలను, వడ్రంగులను మరమ్మతులకు పిలిస్తే గ్రాంటు నుంచి కూలి చెల్లించాలి. పేదవారి శ్రమను ఉచితంగా తీసుకొని దాన్ని భాగస్వామ్యమని పిలవడం సరికాదు.

5. వలస కాలానికి ముందే సిద్ధం కావాలి

కోసిగి, మంత్రాలయం, ఆదోని ప్రాంతాల నుంచి ఎన్నో కుటుంబాలు పత్తి, మిరప కోతల కోసం గుంటూరు వైపు సుగ్గికి, అంటే కోతకాలపు వలస పనులకు, వెళ్తాయి. ఆ ప్రయాణాలు మొదలుకాకముందే ప్రత్యేక సమావేశం పెట్టి, ఏ బిడ్డ అవ్వాతాతల దగ్గర ఉంటుంది, ఏ బిడ్డకు సీజనల్ హాస్టల్ (వలస నెలల్లో పిల్లలు ఉండే వసతి) అవసరం, తల్లిదండ్రులతో మాట్లాడాలంటే ఎవరి నంబరుకు ఫోన్ చేయాలి అన్నవి నిర్ణయించుకోవాలి. ఆ నెలల్లో అవ్వాతాతలనే సమావేశాలకు పిలవాలి. వలస వెళ్లి తిరిగి వచ్చిన బిడ్డను ఎవరి ముందూ తక్కువ చేయకుండా తరగతిలో చేర్చుకొని, తప్పిపోయిన పాఠాలను విడిగా చెప్పాలి.

బడికి రాని పిల్లల విషయంలో శాంతా సిన్హా నాయకత్వంలో, బాలకార్మికులను బడిలో చేర్పించే స్వచ్ఛంద సంస్థ ఎం.వి. ఫౌండేషన్ 1990లలో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో అనుసరించిన పద్ధతి నేటికీ పనికివస్తుంది. తల్లిదండ్రులను నిందించకుండా, ఊరి యువకులు, పంచాయతీ పెద్దలు, చివరికి పిల్లలను పనిలో పెట్టుకున్న యజమానులు సహా అందరితో మాట్లాడి, పిల్లలు బడిలోనే ఉండాలన్న మాటను ఊరి మాటగా మార్చారు. ఇప్పుడు కూడా ఆ సంభాషణ గ్రామసభ దాకా చేరాలి.

6. ఏది మారిందో చూసుకోవాలి

హాజరు పట్టీలో పేర్ల సంఖ్యతో పాటు, సభలో ఎవరెవరు మాట్లాడారో, ఏ ప్రశ్నకు జవాబు ఇంకా బాకీ ఉందో రాసుకోవాలి. ఆ జవాబుతోనే తర్వాతి సమావేశం మొదలుకావాలి. మూడు నెలలుగా ఒక్కరూ రాని వాడ ఏదైనా కనిపిస్తే, నాలుగో నెల సమావేశాన్ని ఆ వాడలోనే పెట్టాలి.