వాయుగుండం పట్టకముందే ల్యాగ్ కొలుచుకోండి

సెప్టెంబరు వచ్చిందంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సర్వర్లు చూసేవాళ్లకు టెన్షన్ మొదలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర దాటింది. స్తంభాలు ఒరిగితే కరెంటూ, ఫైబరూ కలిసే పోతాయి. ఇక్కడి సోర్స్ (అసలు) డేటాబేస్ వదిలేసి హైదరాబాద్‌లోనో ముంబయిలోనో ఉన్న టార్గెట్ మీదికి, అంటే దాని నకలు మీదికి మారాలి. జీడిపప్పు బిల్లింగయినా, ఆస్పత్రి రిజిస్ట్రేషనయినా అప్పుడు తేలాల్సింది ఒకటే: ఎంతవరకు ఎంట్రీలు అక్కడికి చేరాయి? సోర్స్ కన్నా టార్గెట్ ఎంత వెనకబడిందో, అదే ల్యాగ్.

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ వాడేవాళ్లు అందులోని 'సెకండ్స్ బిహైండ్ సోర్స్' అనే అంకె సున్నా చూపిస్తే నిశ్చింతగా ఉంటారు. దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. టార్గెట్‌కు చేరిన లాగ్‌ను (సోర్స్‌లో జరిగిన మార్పుల చిట్టాను) అమలు చేయడంలో ఎంత వెనకబడిందో మాత్రమే అది చెబుతుంది. రెండు సర్వర్ల మధ్య లింకు నెమ్మదించి లాగ్ ఇంకా దారిలోనే ఉన్నా, చేరినంతవరకు అమలైపోతే సున్నాయే కనిపిస్తుంది. లింకు అసలే తెగితే, డిఫాల్ట్ సెట్టింగులో ఆ సంగతి టార్గెట్‌కు తెలియడానికి 60 సెకన్లు పట్టొచ్చు. తుపానులో మనల్ని ముంచేది సరిగ్గా ఆ లింకే.

అందుకే హార్ట్‌బీట్ టేబుల్ పెట్టుకోండి. సోర్స్‌లో ఒకే రో (వరుస) ఉండే చిన్న టేబుల్ చేసి, సెకనుకోసారి అప్పటి సమయం అందులో రాయించండి. మిగతా డేటా వెళ్లే దారినే అదీ టార్గెట్‌కు వెళ్తుంది. టార్గెట్ గడియారం 10:15:50 చూపిస్తున్నప్పుడు అక్కడి రోలో 10:15:08 ఉందనుకోండి, మీరు 42 సెకన్లు వెనకబడ్డట్టు. ఆ 42 సెకన్లలో కౌంటర్లో కొట్టిన రసీదులు అక్కడ లేవు. దీనికి పెర్కోనా టూల్‌కిట్ అనే డేటాబేస్ పనిముట్ల సెట్‌లో రెడీమేడ్ స్క్రిప్టు కూడా ఉంది.

ముందు రెండు సర్వర్ల గడియారాలనూ ఎన్‌టీపీతో (నెట్ ద్వారా గడియారాలు సరిచేసే పద్ధతితో) కలపండి, సమయం యూటీసీలోనే (ప్రపంచ ప్రామాణిక సమయంలోనే) రాయించండి. టార్గెట్ గడియారం వెనక నడిస్తే ల్యాగ్ తగ్గినట్టు కనిపిస్తుంది, మైనస్‌లోకి కూడా వెళ్తుంది.

పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌లో తంటా ఇంకో రకం. చివరి లావాదేవీ సమయాన్ని బట్టి కొలిస్తే, రాత్రి ఎంట్రీలేవీ లేకపోయినా ఆలస్యం పెరుగుతున్నట్టే చూపిస్తుంది. హార్ట్‌బీట్ ఉంటే ఈ గొడవ ఉండదు. రెప్లికేషన్ స్లాట్ (టార్గెట్‌కు చేరని లాగ్‌ను సోర్స్ దాచి ఉంచే ఏర్పాటు) వాడేవాళ్లు మాత్రం డిస్కు మీద కన్నేసి ఉంచాలి. లింకు పోయినంతసేపూ సోర్స్ తన లాగ్‌ను దాచిపెడుతూనే ఉంటుంది, డిస్కు నిండితే సోర్సే ఆగిపోతుంది. 13వ వెర్షన్ నుంచి దీనికి పరిమితి పెట్టుకోవచ్చు. పరిమితి దాటితే టార్గెట్‌ను మళ్లీ మొదట్నుంచి కట్టుకోవాల్సి రావచ్చు. అయినా పెట్టమనే నేను చెబుతాను, కౌంటరు ఆగిపోవడం కన్నా అదే నయం.

అలర్టులు టార్గెట్ వైపు నుంచే వెళ్లాలి. ఇక్కడ కరెంటు పోయాక ఇక్కడి సర్వర్ ఎవరికీ మెసేజ్ పంపడం కుదరదు. సెల్ టవర్లూ పడిపోతాయి కాబట్టి జిల్లా బయట ఉన్నవాళ్ల నంబరు ఒకటి తప్పక చేర్చండి.

వర్షాలు ముదరకముందే ఒక ఆదివారం పది నిమిషాలు లింకు తీసి చూడండి. ల్యాగ్ ఎంత పెరిగింది, లింకు వచ్చాక ఎంతసేపట్లో అందుకుంది, రాసిపెట్టుకోండి.

మారే రోజున సోర్స్‌ను పూర్తిగా ఆపాకే టార్గెట్‌లో ఎంట్రీలు మొదలుపెట్టండి. అంతకుముందే అక్కడి చివరి హార్ట్‌బీట్ సమయం కాగితం మీద రాసుకోండి. ఆ సమయానికి ఓ నిమిషం ముందు నుంచి రసీదు పుస్తకం తెరిచి ఒక్కొక్కటీ సరిచూసి, లేనివి ఎక్కించాలి.