ఎముకల ఎక్స్‌రే చదవడం నేర్చుకుందాం – 3వ భాగం: పిల్లల మణికట్టు

పోయిన భాగంలో పెద్దవాళ్ల ఎముకలో బయటి గట్టి పొర ఎందుకు అంత తెల్లగా పడుతుందో చూశాం కదా, ఇవాళ చిన్నపిల్లల చేతి ఫిల్మ్ పట్టుకుందాం. ఎముకల వయసు చూడ్డానికి మామూలుగా ఎడమచెయ్యే తీస్తారు.

ముందు రేడియస్ చివర చూడండి, అంటే ముంజేతిలో బొటనవేలు వైపు ఎముక. మణికట్టు దగ్గర అడ్డంగా ఒక నల్లటి పట్టీ, దాని అవతల చిన్న ముక్క విడిగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఇది చూసి విరిగిందేమో అని హడలిపోయే అమ్మానాన్నలు చాలామంది. అది గ్రోత్ ప్లేట్, అంతా మృదులాస్థి, అందులో కాల్షియం ఇంకా చేరలేదు కాబట్టి ఎక్స్‌రే ఆగకుండా దాటి వెళ్లిపోతుంది, అందుకే నలుపు. అక్కడ కణాలు విడిపోతూ వరసగా పేరుకుని, ఉబ్బి, చనిపోయాక ముంజేతి వైపు ఎముకగా గట్టిపడతాయి, చెయ్యి పొడవు పెరిగేది ఇలాగే. రేడియస్ పొడవులో సుమారు 75–80 శాతం ఈ మణికట్టు చివర నుంచే వస్తుంది, అందుకే ఇక్కడ దెబ్బ తగిలితే తేలిగ్గా తీసుకోకూడదు. ఫిల్మ్ బాగానే కనిపించినా సరిగ్గా ఆ పట్టీ మీదే నొక్కితే నొప్పి, వాపు ఉంటే ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించాల్సిందే, పట్టీలోంచి పోయిన ఫ్రాక్చర్ ఒక్కోసారి ఫిల్మ్‌లో కనపడదు.

ఇప్పుడు మణికట్టు ఎముకలు. మొత్తం 8, కానీ పుట్టినప్పుడు ఫిల్మ్‌లో మామూలుగా ఒక్కటీ కనపడదు, లేక కాదు, అన్నీ మృదులాస్థిగా ఉంటాయి. మొదటి నెలల్లో క్యాపిటేట్, హేమేట్ చుక్కల్లా వస్తాయి. ఏడాది అటూఇటూగా రేడియస్ చివరి ముక్క, మూడేళ్ల ప్రాంతంలో ట్రైక్వెట్రల్, నాలుగేళ్లకి లూనేట్, తర్వాత ఆరేళ్ల లోపు స్కాఫాయిడ్, ట్రపీజియం, ట్రపీజాయిడ్. అల్నా, అంటే ముంజేతిలో చిటికెనవేలు వైపు ఎముక, దాని చివరి ముక్క కూడా ఐదారేళ్లకి. పిసిఫార్మ్ మాత్రం బాగా ఆలస్యం, 9–12 మధ్య. ఆడపిల్లల్లో ఇవన్నీ కాస్త ముందే వస్తాయి, ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కూడా ఏడాది తేడా మామూలే కాబట్టి ఒక్క ఎముక ఆలస్యమైందని కంగారొద్దు.

పట్టీ వెడల్పు కూడా చూడండి. మరీ వెడల్పుగా ఉండి, రేడియస్ చివర గుంటపడి, అంచు పీచుపీచుగా ఉంటే రికెట్స్ అనుమానించాలి, విటమిన్ డి గానీ కాల్షియం గానీ తగ్గి మృదులాస్థి గట్టిపడక పేరుకుపోయిందన్నమాట. అసలు పట్టీయే లేకుండా కలిసిపోతే అక్కడ పెరుగుదల అయిపోయినట్టే, రేడియస్‌లో ఇది ఆడపిల్లలకి సుమారు 15–17, మగపిల్లలకి 17–19 ఏళ్లకి జరుగుతుంది. కాళ్లలోనూ పట్టీలు మూసుకుపోయాక ఎత్తు పెంచే పౌడర్ ఏదీ లేదు, దయచేసి డబ్బులు పోగొట్టుకోకండి.

ఒక ప్రాక్టీస్: ఫిల్మ్‌లో క్యాపిటేట్, హేమేట్, ట్రైక్వెట్రల్, రేడియస్ ముక్క ఉన్నాయి, లూనేట్ లేదు, అల్నా ముక్క లేదు. వయసెంత ఉండొచ్చు? మూడేళ్ల చుట్టుపక్కల అనుకుంటే మీరు సరిగ్గానే చదివారు. వచ్చే భాగంలో పచ్చికొమ్మ ఫ్రాక్చర్, పిల్లల ఎముక ఒక పక్కే విరిగి రెండో పక్క ఎందుకు వంగుతుందో చూద్దాం.