గొంతునొప్పి సెప్సిస్‌గా మారుతోందని ఇంట్లోనే గుర్తించడం ఎలా

గొంతునొప్పి చాలావరకు వైరస్‌ల వల్ల వస్తుంది, వారం తిరిగేలోగా దానంతటదే తగ్గుతుంది. అరుదుగా మాత్రం టాన్సిల్స్‌లోని బాక్టీరియా రక్తంలోకి చొరబడుతుంది, దాన్ని ఎదుర్కొనే క్రమంలో శరీరం అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీసుకుంటుంది. అదే సెప్సిస్.

ముందుగా జ్వరం తీరును గమనించాలి. గొంతు కాస్త కుదుటపడిందనుకున్నాక, నాలుగో రోజుకో వారానికో, రెండు దుప్పట్లు కప్పినా ఆగని వణుకుతో జ్వరం తిరగబెడితే దాన్ని మామూలు చలిజ్వరంగా కొట్టిపారేయకూడదు. వెంటనే మెడను రెండు వైపులా పోల్చి చూడాలి. చెవి కింది నుంచి మెడ పక్కగా ఒకవైపే వాపు, నొప్పి ఉంటే, అక్కడి పెద్ద సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించాలి. 1936లో ఆండ్రే లెమియేర్ అనే ఫ్రెంచి వైద్యుడు వివరించిన ఈ జబ్బులో, చీము పట్టిన ఆ గడ్డల ముక్కలు ఊపిరితిత్తులకు చేరి ఛాతీనొప్పిని, ఆయాసాన్ని తెస్తాయి. ఇది ఎక్కువగా అప్పటిదాకా ఆరోగ్యంగా ఉన్న యువతకే వస్తుంది కాబట్టి, ‘కుర్రాడే కదా, తట్టుకుంటాడు’ అనే మాటే ఇక్కడ ప్రమాదకరం.

నోరు సరిగా తెరుచుకోకపోయినా, ఉమ్మి మింగలేక కారుతున్నా, నోట్లో వేడి అన్నం ముద్ద ఉన్నట్టు మాట వస్తున్నా, టాన్సిల్ పక్కన చీము చేరి ఉండవచ్చు. అదే రోజు ఆసుపత్రిలో చూపించాలి.

తర్వాత ఊపిరి లెక్కపెట్టాలి. లెక్కపెడుతున్నామని తెలిస్తే రోగి ఊపిరి తీరు మారుతుంది కనుక, నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, నిండు నిమిషం పాటు ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో చూడాలి. పెద్దవాళ్లలో ఆ సంఖ్య 22 గానీ అంతకు మించి గానీ ఉన్నా, రోగి మాట తడబడుతున్నా, మత్తుగా పడి ఉన్నా, పూటంతా మూత్రం రాకపోయినా, కాళ్లూ చేతులూ చల్లబడి చర్మం మచ్చలుగా కనిపించినా 108కి ఫోన్ చేయాలి. సెప్సిస్‌లో ఒక్కోసారి ఒళ్లు కాలకపోగా చల్లబడుతుంది కూడా, కాబట్టి థర్మామీటరు ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

ఇంట్లో మిగిలిన అజిత్రోమైసిన్ వేసి చూద్దామనుకోవద్దు. లెమియేర్ జబ్బుకు ముఖ్య కారణమైన బాక్టీరియాపై ఆ మందు నమ్మదగినది కాదు. ఆసుపత్రిలో గొంతునొప్పి ఎన్నో రోజో చెప్పి, ‘ఇది సెప్సిస్ కావచ్చా?’ అని సూటిగా అడగాలి. రక్తపోటు పడిపోయిన రోగికి గంటలోపే యాంటీబయాటిక్ ఎక్కించాలి, వీలైతే దానికి ముందే, ఏ బాక్టీరియానో తేల్చే కల్చర్ పరీక్షకు రక్తం తీస్తారు. అప్పటిదాకా వాడిన మాత్రల అట్టలన్నీ వెంట తీసుకువెళ్లాలి.