జామ్ అయిన హెడ్జ్ ట్రిమ్మర్‌ను ఎలా బాగుచేయాలి?

కొమ్మలు కత్తిరిస్తుండగా ట్రిమ్మర్ ఉన్నట్టుండి పట్టేసి, మోటార్ మాత్రం గుయ్యిమంటూ మూలుగుతుంటే ముందు స్విచ్ వదిలేయండి. ఇంకోసారి నొక్కితే దానంతటదే వదులుతుందేమో అనిపిస్తుంది, నేనూ చాలాసార్లు అలాగే నొక్కాను, కానీ తిరగలేక ఆగిపోయిన మోటార్ మామూలుకన్నా చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ వేడికి లోపలి వైండింగ్ కాలిపోతుంది. చిన్న పుల్ల తీసేస్తే పోయేదానికి మోటారే మార్చాల్సి వస్తుంది.

అసలు మూలుగు కూడా రావడం లేదంటే అది జామ్ కాకపోవచ్చు. చాలా ట్రిమ్మర్లకు రెండు చేతులతో రెండు స్విచ్‌లు కలిపి నొక్కితేనే కరెంటు వెళ్తుంది. బాగా వేడెక్కి తనంతట తాను ఆగిపోయే రకాలూ ఉన్నాయి, కాసేపు చల్లారనిచ్చి చూడండి.

1. ముందు కరెంటు తీసేయండి

స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్ పీకేయాలి. బ్యాటరీది అయితే బ్యాటరీ తీసి పక్కన పెట్టండి. పెట్రోల్‌ది అయితే ఇంజిన్ చల్లారాక స్పార్క్ ప్లగ్ క్యాప్ ఊడదీయండి. మందపాటి గ్లౌజులు వేసుకోండి. కరెంటు లేకపోయినా బ్లేడ్లు కత్తెర లాంటివే, ఇరుక్కున్న పుల్ల ఊడగానే అవి టక్కున కదులుతాయి, ఆ క్షణంలో మధ్యన వేలుంటే తెగుతుంది. అందుకే ఏదైనా సరే వేలితో లాగొద్దు.

2. ఇరుక్కున్నది తీయండి

ఇళ్లలో వాడే కరెంటు ట్రిమ్మర్లు చాలావరకు 15 నుంచి 20 మిల్లీమీటర్ల మందం కొమ్మల వరకే. అంతకన్నా లావుది పళ్ల మధ్య దూరితే సగం తెగి అక్కడే బిగుసుకుంటుంది. దాన్ని ప్లయర్‌తో పట్టుకుని వచ్చిన దారినే వెనక్కి లాగండి. రాకపోతే రెండు వైపులా కత్తిరించి, మిగిలిన ముక్కను స్క్రూడ్రైవర్‌తో బయటికి నెట్టండి. కంచె తీగ చుట్టుకుంటే కట్ చేసి ముక్కలన్నీ తీసేయండి, ఒక్కటి మిగిలినా మళ్లీ పట్టేస్తుంది.

3. ఏమీ కనిపించకపోతే బంక చూడండి

నేను చూసినంతలో ఎక్కువ జామ్‌లకు కారణం ఇదే, ఎవరూ ముందుగా అనుమానించనిదీ ఇదే. పైనుంచి చూస్తే బ్లేడ్ శుభ్రంగానే ఉంటుంది. వెలుతురు వైపు వంచి, పై బ్లేడుకీ కింది బ్లేడుకీ మధ్య ఉన్న సన్నని సందులోకి చూడండి, గోధుమ రంగులో నిగనిగలాడే పొర ఒకటి కనిపిస్తుంది, స్క్రూడ్రైవర్ మొనతో గీకినా పొడిపొడిగా మాత్రమే రాలుతుంది. అది మొక్కల పాలు, బంక ఎండి గట్టిపడ్డది. రెండు బ్లేడ్లనూ అతికించేస్తుంది.

ఆరుబయట, దగ్గర్లో నిప్పు లేని చోట, సందు పొడవునా కిరోసిన్ గానీ తుప్పు వదిలించే స్ప్రే గానీ పట్టించి ఒక 15 నిమిషాలు వదిలేయండి, ప్లాస్టిక్ బాడీ మీద పడకుండా చూసుకోండి. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. గుడ్డతో తుడిచి, మళ్లీ పట్టించి, మళ్లీ రుద్దండి. రెండో మూడో విడతకి నల్లటి మురుగు కారడం మొదలవుతుంది, పని జరుగుతోందని గుర్తు అదే. నీళ్లతో మాత్రం కడగొద్దు.

4. నట్లు, పళ్లు

బ్లేడ్ పొడవునా ఉండే నట్లు బాగా బిగిస్తే బ్లేడ్లు కదలవు. మరీ వదులుగా ఉన్నా జామే, ఎందుకంటే లేత కొమ్మ తెగకుండా మడతపడి రెండు బ్లేడ్ల మధ్యకి దూరిపోతుంది. ఒక్కో నట్టును మెల్లగా పూర్తిగా బిగించి, పావు చుట్టు నుంచి అర చుట్టు వెనక్కి తిప్పండి. కింద వాషర్ ఉంటే వేలితో కదిపితే కదలాలి, అటూ ఇటూ ఊగకూడదు.

వంగిన పన్ను ఉంటే పక్క బ్లేడును రాసుకున్న చోట మెరిసే గీత కనిపిస్తుంది. కొద్దిగా వంగితే ప్లయర్‌తో సరిచేసి, ఆకురాయితో ఒకే దిశలో అంచును సవరించండి. పగులు కనిపిస్తే మాత్రం బ్లేడు మార్చాల్సిందే, తిరుగుతుండగా ముక్క ఎగిరితే ప్రమాదం.

5. ఇంకా కదలకపోతే గేర్‌బాక్స్

కింది కవర్ స్క్రూలు తీసి, ఏ భాగం ఎటు ఉందో ముందే ఫొటో తీసుకోండి, నిజంగా అవసరపడుతుంది. బ్లేడ్లను గేర్ల నుంచి విడదీసి చేత్తో జరిపి చూడండి. సాఫీగా జారితే తప్పు గేర్లలో ఉంది, జారకపోతే మళ్లీ బంక దగ్గరికే వెళ్లాలి. గేర్‌బాక్స్‌లో రంపపు పొడితో కలిసి గట్టిపడ్డ గ్రీజు ఉంటే మొత్తం తుడిచి కొత్త లిథియం గ్రీజు పెట్టండి, కుక్కేయకుండా పళ్లకి పట్టేంత చాలు. గేర్ పళ్లు అరిగినా, బ్లేడును నెట్టే కడ్డీ విరిగినా ఆ మోడల్‌కి సరిపోయే భాగమే వేయాలి.

6. నడిపి చూడండి

అన్నీ బిగించి, బ్లేడ్ల మీద పల్చటి నూనె వేసి, కొమ్మలేవీ తగలకుండా అర నిమిషం నడపండి. ఆపి, ప్లగ్ పీకాక, బ్లేడ్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, సెగ కొడుతుంటే నట్లు ఇంకా బిగుతుగా ఉన్నట్టే, మరో పావు చుట్టు వదులు చేసి మళ్లీ నడపండి.