ఆడపిల్ల చదువు మధ్యలో ఆగకుండా: నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో ఏం చేయాలి

తల్లిదండ్రులు లేని పిల్లకో, తండ్రి పోయి తల్లి కూలికి వెళ్లే ఇంటి పిల్లకో సాయం చేద్దామనుకునేవాళ్లు ముందుగా సంచీ, నోటు పుస్తకాలు కొనిస్తారు. ప్రభుత్వ బడిలో అవి ఎలాగూ ఇస్తున్నారు. పిల్ల బడి మానేది పుస్తకాలు లేక కాదు. ఐదు అయ్యాక ఆరో తరగతికి వేరే బడికి మారేటప్పుడు, ఇంట్లోవాళ్లు వలస పోయేటప్పుడు, పది రాసి ఇంటర్‌లో చేరే లోపు, అంటే తన గురించి ఎవరూ అడగని ఆ కొన్ని వారాల్లో జారిపోతుంది. మీ డబ్బు, మీ తీరిక అక్కడ పెట్టండి.

పని జూన్‌లో కాదు, ఫిబ్రవరిలో మొదలవ్వాలి. అంబేడ్కర్ గురుకులాల్లో ఐదో తరగతి ప్రవేశానికి పిల్ల నాలుగు చదువుతుండగానే దరఖాస్తు పెట్టాలి. ఐదు అయ్యాక చూద్దాంలే అనుకుంటే ఆ దారి మూసుకుపోయినట్టే. ఆడపిల్లల ప్రభుత్వ వసతి బడులైన కస్తూర్బా విద్యాలయాల్లో ఆరో తరగతికి, ఇంటర్ మొదటి సంవత్సరానికి మామూలుగా మార్చి, ఏప్రిల్‌లో ఆన్‌లైన్‌లో తీసుకుంటారు. ఏడు నుంచి పది దాకా మిగిలిన సీట్లకూ అప్పుడే. అనాథలకు, ఒక్క తల్లో తండ్రో ఉన్నవాళ్లకు, బడి మానేసినవాళ్లకు అక్కడ ముందు వరుస.

ఇక కాగితాలు. ఎక్కువ పనులు ఇక్కడే చిక్కుపడతాయి, కాబట్టి ఓపిగ్గా చూడండి. పుట్టిన తేదీ ధ్రువపత్రం, ఆధార్, కులం, ఆదాయం, రేషన్ కార్డు, బ్యాంకు పాసు పుస్తకం, పోయినవాళ్ల మరణ ధ్రువపత్రం కావాలి. యానాదుల కాలనీల్లో చాలామంది పిల్లలకు మొదటిదే ఉండదు. పుట్టి ఏడాది దాటితే నమోదుకు మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి, అది నెలల పని. మరణ ధ్రువపత్రం మనిషి చనిపోయిన చోటే ఇస్తారు. ఊరుగాని ఊళ్లో ఇటుక బట్టీ దగ్గర తండ్రి పోతే సొంతూరి సచివాలయం చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా లాభం లేదు. ఆ ఊరికే వెళ్లాలి.

తర్వాత బడి అడ్మిషన్ రిజిస్టరు, ఆధార్, పుట్టిన తేదీ కాగితం మూడూ ఒక బల్ల మీద పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. ఒకదాంట్లో ‘సుబ్బమ్మ’, ఇంకోదాంట్లో ‘వెంకట సుబ్బమ్మ’ ఉంటుంది. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, మరోచోట పొడి అక్షరం ఉంటుంది. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల పేర్ల జాబితా) పంపక ముందైతే హెడ్మాస్టరు స్థాయిలో సరిపోతుంది. మార్కుల జాబితా అచ్చయ్యాక దిద్దించడం పెద్ద తంటా. పదిహేనేళ్లు నిండగానే ఆధార్‌లో వేలిముద్రలు కొత్తగా వేయించండి. పదిహేను, పదిహేడు మధ్య దానికి డబ్బు తీసుకోరు. అది చేయించకపోతే స్కాలర్‌షిప్ ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు సరిచూసే పని) దగ్గర వేలిముద్ర కలవదు.

బ్యాంకులో ఇంకో మెలిక ఉంది. ఖాతాకు ఆధార్ జత చేయడం ఒకటి, ఎన్‌పీసీఐ మ్యాపింగ్, అంటే ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాలో పడాలో ఆధార్‌కు గుర్తు పెట్టడం, ఇంకొకటి. ప్రభుత్వ డబ్బు ఆఖరున మ్యాప్ అయిన ఖాతాకే పోతుంది. ‘డబ్బు పడలేదు’ అన్నప్పుడల్లా ముందు ఇదే అడగండి.

కాగితాలు తయారయ్యేదాకా పిల్లను ఇంట్లో కూర్చోబెట్టకండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లకు వయసు రుజువు లేదని, టీసీ రాలేదని, గడువు దాటిందని సీటు కాదనకూడదు. తొమ్మిదేళ్లదాకా బడి మొహం చూడని పిల్లనైనా ఆ వయసు తరగతిలోనే చేర్చుకుని, విడిగా శిక్షణ ఇవ్వాలి. వద్దంటే గొడవ పెట్టుకోకుండా మండల విద్యాధికారికి (ఎంఈవో) రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. పాత బడిలో ఉన్న పదకొండు అంకెల పెన్ నంబరు (విద్యార్థి శాశ్వత గుర్తింపు సంఖ్య) రాసుకుని కొత్త బడికి ఇవ్వండి. అది లేకపోతే పిల్ల పేరు బడుల ఆన్‌లైన్ రికార్డు యూడైస్‌లో డ్రాప్‌బాక్సులోనే, అంటే ఏ బడిలోనూ చేరనివాళ్ల జాబితాలోనే ఉండిపోతుంది.

అమ్మమ్మ దగ్గరో, మేనమామ దగ్గరో ఉన్న పిల్లకు పిల్లల సంరక్షణకు ఉన్న ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ కింద నెలకు 4,000 రూపాయలు వస్తాయి. భర్త పోయిన లేదా వదిలేసిన తల్లి ఉన్నా వర్తిస్తుంది. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. ఆదాయ ధ్రువపత్రంలో అలవాటుగా లక్ష అని రాసేస్తే దరఖాస్తు అక్కడే పోతుంది. రాసే ముందే వీఆర్వోకు ఉన్న పరిస్థితి చెప్పండి. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి ఇవ్వాలి. వాళ్లు ఇల్లు చూసి వెళ్తారు, కమిటీ మంజూరు చేస్తుంది. ఆలస్యమవుతుంది కాబట్టి ఫలానా నెల నుంచి వస్తుందని ముసలామెకు మాట ఇవ్వకండి.

హాస్టలా, ఇల్లా అన్నది పిల్లను కూర్చోబెట్టి అడగండి. చూసుకునే అమ్మమ్మ ఉంటే ఇల్లే మేలని మా అభిప్రాయం. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ (కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్) పరీక్ష గట్టెక్కితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 వస్తాయి, కానీ ప్రభుత్వ వసతి బడుల్లో చదివేవాళ్లకు ఆ అవకాశం లేదు. ఏటా రెన్యువల్ చేయించకపోతే ఆగిపోతుంది. ఎవరూ లేని పిల్లను మాత్రం మీ ఇంట్లోనో, తెలిసిన ఆశ్రమంలోనో పెట్టేయకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పి 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందుంచాలి. రిజిస్ట్రేషన్ లేని ఆశ్రమం నడపడం నేరం. ఎంత మంచి ఉద్దేశంతోనైనా సరే, పిల్ల ఫొటో, పేరు వాట్సాప్‌లో పెట్టి చందాలు అడగకండి. చట్టం ఒప్పుకోదు, పిల్లకు తలవంపులు.

జనవరి నుంచి మార్చి దాకా కన్ను హాజరు మీద ఉండాలి. కనిగిరి, మార్కాపురం వైపు ఇళ్లకు ఇళ్లే మిరపకాయ కోతలకు గుంటూరు వైపు తరలిపోతాయి. ఒంగోలు చుట్టుపక్కల పొగాకు పని, నెల్లూరు కోస్తాలో రొయ్యల షెడ్లు పిలుస్తుంటాయి. పెద్దవాళ్లు వెళ్లకముందే సమగ్ర శిక్ష సీజనల్ హాస్టల్ (వలస వెళ్లేవాళ్ల పిల్లలు ఆ నెలలు ఉండే వసతి) ఉందేమో ఎంఈవోను అడిగి పిల్లను చేర్చండి. ఊళ్లోనే ఉన్న పిల్ల వరసగా మూడు రోజులు రాకపోతే మూడో రోజు సాయంత్రమే ఎవరో ఒకరు ఇంటికి వెళ్లాలి. ‘ఎందుకు రాలేదు’ అని గద్దించకుండా ‘ఇంట్లో ఏం పని పడింది’ అని అడిగితే నిజం చెబుతారు. చిన్న తమ్ముణ్ని చూసుకోవడానికి ఆగితే వాణ్ని అంగన్‌వాడీలో వేయండి. నెలసరి రోజుల్లో మానేస్తుంటే ప్యాడ్లతోపాటు బడి మరుగుదొడ్డికి గడియ, నీళ్లు ఉన్నాయో లేదో చూడండి. పదిహేను రోజులు దాటాక వెళ్తే పిల్ల అప్పటికే కూలి డబ్బు ఇంటికి తెస్తుంటుంది. అప్పుడు మాటలు పనిచేయవు.

వేసవిలో పెళ్లి మాట వస్తుంది. పద్దెనిమిది నిండకపోతే 1098కి గానీ, సీడీపీవోకు (అంగన్‌వాడీలను చూసే అధికారి) గానీ ముహూర్తానికి ముందే చెప్పండి. మెజిస్ట్రేటు నిషేధ ఉత్తర్వు ఇచ్చాక చేసిన పెళ్లి చెల్లదు. హామీపత్రం రాయించుకుని అందరూ వెళ్లిపోతే ఆ పెళ్లి వేరే ఊళ్లో జరుగుతుంది. అందుకే పెళ్లి ఆగిన వారంలోగా పిల్లకు ఇంటర్ సీటు పట్టించండి. ‘స్త్రీ శక్తి’ పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు బస్సు ఉచితం కాబట్టి కాలేజీ దూరమన్నది పెద్ద అడ్డు కాదు.

పది తప్పితే ఆ రోజే ఇంటికి వెళ్లండి. సప్లిమెంటరీ ఫీజు గడువు ఫలితాలొచ్చిన కొద్ది రోజుల్లోనే ముగుస్తుంది. ఫీజు కట్టి, తప్పిన సబ్జెక్టుకు ఊళ్లో చెప్పేవాళ్లను కుదిర్చి, పరీక్ష రోజు తోడు వెళ్లే మనిషిని ముందే అనుకోండి. రెండోసారీ తప్పితే సార్వత్రిక విద్యాపీఠంలో (ఓపెన్ స్కూల్) పేరు రాయించండి.