జాకెట్‌తో పాటు రెండు ఊలు సూదులు

టొరంటో వచ్చిన ప్రతివాళ్లూ ముందు పెద్ద జాకెట్ కొంటారు. కొనాల్సిందే. దాంతోపాటు 5 మిల్లీమీటర్ల ఊలు సూదుల జత, ఒక ఊలు ఉండ కూడా కొనుక్కోండి. నవంబరులో ఐదింటికల్లా చీకటి పడిపోతుంది. ఆ పొడుగాటి సాయంత్రాలకు అవే దిక్కు.

ఉండ మీది లేబుల్లో 0 నుంచి 7 దాకా ఒక అంకె ఉంటుంది. అది పోగు లావు. మొదటిసారికి 4 తీసుకోండి, అదీ లేత రంగులో. నలుపులో అల్లిక కనబడదు. ‘సూపర్‌వాష్’ అని ఉందో లేదో తప్పకుండా చూడండి, అంటే మెషీన్లో ఉతికినా ముడుచుకుపోని ఊలు అన్నమాట. నేను చూడలేదు. మావారి స్వెట్టర్‌ని వేడినీళ్లలో తిప్పి, డ్రైయర్లో కూడా వేశాను. బయటికి తీస్తే మా ఐదేళ్ల పాపకి అతికినట్టు సరిపోయింది! వేడి, తడి, రాపిడి కలిస్తే మామూలు ఊలు పోగులు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, మళ్లీ విడిపోవు.

నేర్పేవాళ్లు లేరని దిగులొద్దు. మీ పక్క లైబ్రరీలోనో ఊలు దుకాణంలోనో అల్లికలవాళ్లు కూర్చునే రోజు ఉందేమో అడగండి. ఇంగ్లీషు గురించి టెన్షన్ పడకండి, చేతులు పనిలో ఉంటే మాట ఆగినా ఎవరూ పట్టించుకోరు. అక్కడి పెద్దావిడల్ని మాత్రం ‘ఆంటీ’ అనకండి. డెబ్బై ఏళ్లావిడని పేరు పెట్టి పిలవడానికి నాకు నెల పట్టింది.

వాంకూవర్ ద్వీపం వెళితే కవిచన్ స్వెట్టర్లు చూడండి. అక్కడి ఆదివాసులైన కోస్ట్ సేలిష్ ఆడవాళ్లు లావుపాటి ఊలుతో, రంగు అద్దకుండా, గొర్రె తెలుపు, బూడిద, గోధుమ రంగుల్లోనే బొమ్మలు తేల్చి అల్లుతారు. ఊలులోని సహజమైన జిడ్డు పూర్తిగా తీయరు కాబట్టి సన్నటి వాన ఆగుతుంది. ధర ఎక్కువే. మన పోచంపల్లి ఇకత్‌కి ప్రింటు నకళ్లు వచ్చినట్టే వీటికీ వచ్చాయి, అందుకని అల్లినది ఎవరో అడిగి కొనండి.

టొరంటోలోనే 1975 నుంచి టెక్స్‌టైల్ మ్యూజియం ఉంది. రాయల్ ఒంటారియో మ్యూజియం సేకరణలోనైతే మన కోరమాండల్ తీరంలో అద్దిన పాత కలంకారీ గుడ్డలు ఉన్నాయి. వెలుతురుకి వెలిసిపోతాయని వాటిని అన్ని రోజులూ బయట పెట్టరు. టికెట్ కొనేముందు కనుక్కోండి.