ఆరోగ్య వెబ్‌సైటు, వాడేవారి అవసరాలు – మూడవ పాఠం: "పోయినసారి ఏం చేశారు?"

గత పాఠంలో మన వెబ్‌సైటు సెర్చ్ బాక్సులో జనం టైపు చేసిన మాటలన్నింటినీ ఒక పట్టికగా రాసుకున్నాము. ఆ పట్టికకు ఒక పెద్ద లోపం ఉంది. సెర్చ్ బాక్సు దాకా రాగలిగినవారి మాటలే అందులో ఉంటాయి గాని, మన సైటు ఒకటి ఉన్నదని తెలియనివారు, తెలిసినా చదవలేక మూసేసినవారు అందులో ఎక్కడా కనిపించరు. వారిని కలవాలంటే మనమే లేచి వెళ్లాలి. వెళ్లి ఏమడగాలన్నది ఈ పాఠం.

బెంగళూరు వాళ్లకు ఈ లోపం ఎంత దూరం పోతుందో 2021లోనే అనుభవమైంది. ఆ ఏడాది మే 1న 18 నుంచి 44 ఏళ్లవారికి కోవిడ్ టీకాలు మొదలైనప్పుడు, టీకాలకు పేర్లు నమోదు చేసే ప్రభుత్వ సైటు కోవిన్‌లో ముందుగా నమోదు చేసుకున్నవారికే స్లాటు దొరికేది. తెలుగు, కన్నడ వంటి భాషలు ఆ సైటులోకి జూన్‌లో గాని రాలేదు. నగరంలో స్లాటు దొరకని కొందరు కార్లు వేసుకుని చుట్టుపక్కల పల్లెల కేంద్రాలకు వెళ్లి వేయించుకొచ్చారు. మే 31న సుప్రీంకోర్టు కూడా తన ఉత్తర్వులో, ఇంటర్నెట్టు అందుబాటులో లేనివారి సంగతేమిటని కేంద్రాన్ని నిలదీసింది. సైటు వాడినవారి లెక్కలు మాత్రమే చూసి ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టే తోచేది.

ఎవరిని కలవాలి? వెబ్‌సైట్ల వాడుక తీరును పరిశీలించే నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో చెప్పిన "ఐదుగురు చాలు" అన్న మాటను మన ఆఫీసుల్లో మంత్రంలా వల్లిస్తారు. ఆయన చెప్పింది తయారైన సైటులో తప్పులు పట్టే పరీక్ష గురించి, అదీ ఒకే తరహా వాడుకరుల గురించి. అవసరాలు తెలుసుకునే సంభాషణలకు ఆ లెక్కను అరువు తెచ్చుకోకండి. బెంగళూరులోని మారతహళ్లి అపార్టుమెంటులో ఉండే సాఫ్ట్‌వేరు ఉద్యోగిని, ఆ పక్కనే కట్టడం పనిలో ఉంటూ రేకుల షెడ్డులో కాపురముండే అనంతపురం తల్లి, మనవడిని చూసుకోవడానికి కడప నుంచి వచ్చిన అమ్మమ్మ, ముగ్గురూ తెలుగే మాట్లాడతారు. కాని ముగ్గురి అవసరాలు మూడు దారులు. కొత్త సంగతి వినిపించినంత కాలం కొత్తవారిని కలుస్తూనే ఉండాలి.

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో కూర్చుని మాట్లాడదలిస్తే అక్కడి వైద్యాధికారి అనుమతి ముందుగా, రాతపూర్వకంగా తీసుకోండి. క్యూలో ఉన్నవారిని పలకరించి వారి వరుస పోగొట్టకండి. 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నైతిక మార్గదర్శకాలు పరిశోధనకు విధించిన నియమాల్లో రెండు, అంటే ఇష్టపూర్వకమైన సమ్మతి, గోప్యత, మనకూ వర్తిస్తాయనుకునే పని చేయాలి. పేరు, ఫోను నంబరు రాసుకోవలసిన అవసరమే లేదు.

ఇక ప్రశ్న. "మా సైటులో మీకు ఏం కావాలి?" అని అడిగితే ఎదుటివారు మర్యాదకు ఏదో ఒకటి చెబుతారు. "ఇలాంటి యాప్ వస్తే వాడతారా?" అంటే వాడతామనే అంటారు, ఇంటికొచ్చిన మనిషి మొహం మీద కాదనడం మన పద్ధతి కాదు. నేను ఒక సంస్థలో పనిచేసిన తొలి రోజుల్లో ఇలా ముప్పై మంది చేత "వాడతామమ్మా" అనిపించుకొచ్చి, నెలరోజులు కష్టపడి తయారు చేయించిన పేజీని తర్వాత ఎవరూ తెరవలేదు. కాబట్టి రాబోయే కాలాన్ని వదిలేసి, జరిగిపోయినదాన్ని అడగండి: "పోయినసారి బిడ్డకు సూది వేయించాల్సి వచ్చినప్పుడు ఏం చేశారు? మొదట ఎవరిని అడిగారు? ఆ తర్వాత?"

కర్ణాటక ప్రభుత్వం నడిపే ఒక నమ్మ క్లినిక్ బయట, చెట్టు కింద, వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ఒక తల్లితో జరిగిన సంభాషణ నా నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు ఇలా ఉంది. ఆమె అనే తాయి కార్డు, కర్ణాటకలో తల్లీబిడ్డలకు ఇచ్చే ఆరోగ్య కార్డు.

"మా ఊర్లో కార్డు ఇచ్చినారు మేడం. ఇక్కడ అందరి దగ్గరా తాయి కార్డు ఉంది. మాది చెల్లుతుందో లేదో అని పక్కింటి ఆయమ్మను అడిగినాను. ఆమె తెలీదనె. ఊరికి పోయి వేయించుకొని వద్దామంటే మా ఆయన రెండు రోజుల కూలి పోతుందనె."

"ఫోనులో చూశారా అమ్మా?"

"చూసినాను, ఏం రాలేదు."

ఇక్కడ చాలామంది తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. వెళ్లకండి. "ఎలా చూశారో ఒకసారి చూపిస్తారా?" అనండి. ఆమె ఫోను తీసి, మైకు గుర్తు నొక్కి, "పాపకి తొమ్మిది నెలల సూది ఎక్కడేస్తారు" అని పలికింది. వచ్చినవన్నీ ప్రైవేటు ఆసుపత్రుల ప్రకటనలు. వాటి కింద ఎక్కడో ఉన్న ప్రభుత్వ పేజీలో "సార్వత్రిక రోగనిరోధక కార్యక్రమ పట్టిక" అనే పీడీఎఫ్ ఉంది. అది తెరుచుకున్నాక ఆమె రెండు వేళ్లతో పెద్దది చేసి, అక్షరాలు తెర దాటిపోతుంటే పక్కకు జరిపి, మళ్లీ చిన్నది చేసి, ఫోను ఒళ్లో పెట్టుకుంది. తొమ్మిది నెలలు నిండాక వేసే మీజిల్స్-రుబెల్లా టీకా ఆ పట్టికలో ఉన్నదే. కాని ఆమెకు అది తట్టు సూది. "మీజిల్స్" అన్న మాట దగ్గర ఆమె చూపు ఆగనే లేదు.

"ఫోనులో చూశారు, దొరకలేదు" అని రాసుకుని ఉంటే ఇందులో ఏదీ మిగిలేది కాదు. అందుకే నోటుబుక్కు పేజీని నిలువునా రెండుగా మడిచి, ఎడమవైపు వారు అన్న మాటలు, చేసిన పనులు మాత్రమే రాయండి. మీకు తోచిన అర్థాలు కుడివైపు. ఇద్దరు వెళ్తే ఇంకా మేలు, ఒకరు మాట్లాడటానికి, ఒకరు రాయడానికి.

ఇంటికి రాగానే, అదే రోజు, అవసరాన్ని ఒక వాక్యంగా కూర్చాలి. నేను మొదట రాసిన వాక్యం ఇది: "తల్లులు టీకాల పట్టికను డౌన్‌లోడ్ చేసుకోవాలి." ఇది తల్లి అవసరం కాదు, మన దగ్గర ఉన్న పీడీఎఫ్ అవసరం. తిరగరాసింది ఇది: "వేరే రాష్ట్రపు కార్డుతో బెంగళూరులో ఉంటున్న తల్లికి, బిడ్డ తట్టు సూదిని కూలి పోకుండా ఇక్కడే వేయించడానికి, ఆ కార్డు చెల్లుతుందా, ఏ కేంద్రంలో ఏ రోజు వేస్తారు అన్నది తెలియాలి." ఈ వాక్యంలో వెబ్‌సైటు ప్రస్తావనే లేదని గమనించండి. దీనికి జవాబు సైటులో ఒక పేజీ కావచ్చు, ఆశా కార్యకర్త ఫోనుకు వెళ్లే సందేశం కావచ్చు, క్లినిక్ గోడ మీద తెలుగులో ఒక బోర్డు కావచ్చు. ఈ టీకాలు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం, ఊరు మారిన బిడ్డకు కొత్త ఊర్లోనే వేయించవచ్చు. అంటే ఆమెకు కావలసిన జవాబు ఎప్పటినుంచో ఉంది, ఆమె అడిగిన మాటల్లో మాత్రం ఎక్కడా లేదు.

అభ్యాసం: వచ్చే పాఠం లోపల ముగ్గురితో, ఒక్కొక్కరితో ఇరవై నిమిషాలకు మించకుండా మాట్లాడండి. ముగ్గురిలో ఒకరైనా తెలుగు చదవలేనివారై ఉండాలి. వారు వాడిన మాటలను గత పాఠంలోని పట్టిక పక్కన ఇంకో వరుసగా రాయండి: సైటు మాట "ఇమ్యునైజేషన్", సెర్చ్ బాక్సు మాట "టీకా", నోటి మాట "సూది". మూడు వరుసలూ కలవని చోట పెన్సిలుతో గీత గీసి ఉంచండి. నాలుగవ పాఠం ఆ గీతల దగ్గరే మొదలవుతుంది.